గుండెపోటు తరువాత వచ్చే దిగులుకు కూడా చికిత్స ఇవ్వాలి



గుండెపోటు వచ్చి, దేవుని దయవలన బ్రతికి, ఆసుపత్రి నుండి ఇంటికి వెళ్లే మనిషి చేతిలో ఒక కాగితం ఉంటుంది. అందులో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, రాత్రిపూట వేసుకునే అటార్వాస్టాటిన్, మెటోప్రొలాల్ వంటి మాత్రల పేర్లు ఉంటాయి. ఉప్పు, నూనె తగ్గించమని, చుట్ట బీడీ మానమని, 15 రోజులకు మళ్లీ రమ్మని రాసి ఉంటుంది. ఆయన చెప్పిన రోజుకు వస్తే బి.పి. చూస్తారు, ఇ.సి.జి. తీస్తారు, షుగరు పరీక్ష చేస్తారు. మనసు ఎలా ఉందని మాత్రం సాధారణంగా ఎవరూ అడగరు. అడగనిది రోగి చెప్పడు. మన పల్నాటి మనిషి అసలే చెప్పడు.

గుండెపోటు తరువాత వచ్చే డిప్రెషన్, అనగా మానసిక కుంగుబాటు, గుండె జబ్బుకు పక్కన ఉండే వేరే విషయం కాదు. అది ఆ జబ్బులో భాగమే. దాన్ని కనిపెట్టడం, దానికి చికిత్స ఇవ్వడం గుండె వైద్యంలో భాగం కావాలి. అది గుంటూరులోనో హైదరాబాదులోనో మాత్రమే కాక, నరసరావుపేట, మాచర్ల, గురజాల వంటి మన ఊళ్లలోని ఆసుపత్రులలోనే మొదలు కావాలన్నది నా అభిప్రాయం. అందుకు కారణాలు ఈ వ్యాసంలో వివరిస్తాను.

మన ఊళ్లలో ఇది ఎలా కనబడుతుందో ముందు చూద్దాం. ఆపరేషను బాగా జరిగింది, స్టెంటు వేశారు, మనిషి నడుస్తున్నాడు. కానీ అంతకు ముందు తెల్లవారుజామునే లేచి మిరప చేలోకి వెళ్లినవాడు ఇప్పుడు ఎనిమిదింటి వరకు మంచం దిగడు. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. అన్నం సయించదు. మనవడు ఒళ్లో ఎక్కితే విసుక్కుంటాడు. ఎవరైనా వచ్చి "ఎట్టా ఉంది బాబాయ్ ఒంట్లో?" అంటే "నాకేమయిందిరా, బాగానే ఉన్నా" అంటాడు. వాళ్లు వెళ్లగానే గోడ వైపు తిరిగి పడుకుంటాడు. ఆసుపత్రికి వస్తే కూడా "దిగులుగా ఉంది డాక్టరు గారూ" అనడు. నీరసం అంటాడు, గ్యాసు అంటాడు, కాళ్లు లాగుతున్నాయంటాడు, గుండెల్లో ఏదో గాబరాగా ఉందంటాడు. ప్రతి గాబరాకూ ఒక ఇ.సి.జి. తీస్తాం. అది మారకుండా ఉంటే "ఏమీ లేదు, ధైర్యంగా ఉండండి" అని పంపేస్తాం. ఇ.సి.జి. తీయడం సరైనదే, ఎందుకంటే గుండెపోటు వచ్చినవాడికి ఛాతీలో నొప్పి అంటే తేలిగ్గా తీసుకోకూడదు. అయితే ఆ ఇ.సి.జి. బాగుందంటే మనిషి బాగున్నాడని అర్థం కాదు.

స్త్రీల విషయం ఇంకా మరుగున పడిపోతుంది. అమ్మకు గుండెపోటు వస్తే వారం రోజులు మంచం మీద ఉంచి, రెండో వారానికి పొయ్యి దగ్గరికి పంపే ఇళ్లు ఉన్నాయి. ఆమె ఏడ్చినా "ఆడవాళ్లకు మామూలే" అంటారు. ఏడవకపోతే అసలు ఎవరూ గమనించరు.

మన తెలుగులో ఒక చిత్రం ఉంది. ధైర్యానికీ దిగులుకీ మనకు ఒకటే చోటు, గుండె. గుండె నిబ్బరం అంటాం, గుండె జారిపోయింది అంటాం, గుండె రాయి చేసుకో అంటాం. గుండె దెబ్బతిన్నదని డాక్టరు చెప్పిన మనిషితో "గుండె ధైర్యం తెచ్చుకో" అనడం ఎంత బరువైన మాటో మనం ఆలోచించం. బ్రహ్మనాయుడు, బాలచంద్రుడి కథలు వింటూ పెరిగిన ఈ గడ్డ మీద మగవాడు భయపడ్డానని చెప్పుకోవడం చిన్నతనంగా భావిస్తాడు. పల్నాటి పౌరుషం మంచిదే కావచ్చు, కానీ అది డాక్టరు దగ్గర అడ్డం వస్తే ప్రమాదం.

ఇదంతా పట్నం జబ్బు, మన పల్లెల్లో ఎక్కడిది అనుకునేవారు ఇంకా ఉన్నారు. మన రాష్ట్రంలోనే గోదావరి జిల్లాలలో 45 గ్రామాలను తీసుకుని, 2003-04లో జరిగిన ప్రతి మరణానికీ కారణం ఏమిటో ఇంటింటికీ వెళ్లి అడిగి తెలుసుకున్నారు. ఆ ఫలితాలు 2006లో వచ్చాయి. ఆ మరణాలలో 100కు 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే. అంటువ్యాధుల వల్ల చనిపోయినవారు 100కు 12 మంది మాత్రమే. ఇరవై ఏళ్ల కిందటే పల్లె పరిస్థితి అది. గుండెపోటు నుండి బయటపడిన ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి చికిత్స అవసరమైనంత డిప్రెషన్ ఉంటుందని అనేక దేశాలలో చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. అంతకంటే తేలికపాటి దిగులు ఉండేవారు ఇంకా ఎక్కువ. మన సంఘంలో గుండెకు స్టెంటు వేయించుకున్నవారిని వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి, ఆ ఒకరు ఎవరో మీకే తడుతుంది.

ఆ దిగులు ప్రాణానికి ఎంత చేటు చేస్తుందో మొదట గట్టిగా చూపించినది కెనడాలోని మాంట్రియల్ నగరపు పరిశోధకులు. 1993లో ప్రచురించిన ఆ పరిశోధనలో గుండెపోటు వచ్చిన 222 మందిని ఆసుపత్రిలో ఉండగానే పలకరించి, ఎవరికి డిప్రెషన్ ఉందో గుర్తించారు. తరువాతి ఆరు నెలల్లో ఎవరు బ్రతికారు, ఎవరు పోయారు అని చూశారు. గుండె ఎంత దెబ్బతిన్నది అన్న లెక్కను పక్కకు తీసి చూసినా, డిప్రెషన్ ఉన్నవారికి మరణ ప్రమాదం నాలుగు రెట్లకు పైగా కనిపించింది. అది చిన్న పరిశోధన. తరువాత అనేక పరిశోధనలను కలిపి లెక్కగట్టినప్పుడు ఆ ప్రమాదం రెండు రెట్లకు పైగా అని తేలింది. రెండు రెట్లే అనుకున్నా అది చిన్న విషయం కాదు. చుట్ట మానమని, షుగరు అదుపులో పెట్టుకోమని అంత గట్టిగా చెప్పే మనం దీని గురించి మౌనంగా ఉండటానికి కారణం ఏమీ కనిపించదు.

దిగులు గుండెను ఎలా దెబ్బతీస్తుంది? శరీరంలో జరిగేది కొంత ఉంది. డిప్రెషన్‌లో ఉన్నవారికి ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. రక్తంలోని ప్లేట్‌లెట్లు త్వరగా గడ్డకట్టే స్వభావం చూపుతాయి. గుండె కొట్టుకునే లయకు ఉండే సహజమైన సర్దుబాటు తగ్గుతుంది. కానీ మన కళ్లముందు జరిగేది అంతకంటే సూటిగా ఉంటుంది. దిగులులో ఉన్న మనిషి మాత్రలు మానేస్తాడు. "ఎన్నాళ్లు మింగాలి ఇవి? మింగితే మాత్రం ఏమొస్తుంది?" అంటాడు. స్టెంటు వేసిన మొదటి సంవత్సరంలో రక్తం పలచగా ఉంచే రెండు మాత్రలలో ఒకటి తనంతట తాను ఆపేస్తే స్టెంటులోనే గడ్డ కట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు, ప్రాణమే పోవచ్చు. కుటుంబం అప్పు చేసి, లేదా ఆరోగ్యశ్రీ కార్డు మీద గుంటూరు తీసుకువెళ్లి బ్రతికించుకున్న మనిషి మూడు నెలల తరువాత రోజుకు కొద్ది రూపాయల మాత్ర మింగకపోవడం వల్ల పోతే, దాన్ని మొండితనం అని సరిపెట్టుకుంటాం. అందులో కొంత మొండితనం కాదు, జబ్బు. దానితోపాటు నడక ఆగిపోతుంది, మానేసిన బీడీ మళ్లీ చేతికి వస్తుంది, సాయంత్రం సీసా కూడా వస్తుంది.

"అంత పెద్ద గండం గడిచాక దిగులు ఉండదా? సహజమే కదా" అని చాలామంది అంటారు. నిజమే, సహజమే. మొదటి పది పదిహేను రోజులు భయం, నిద్రలేమి, ఏడుపు చాలామందికి వస్తాయి, చాలామందికి తగ్గిపోతాయి కూడా. ఆ బెంగకు మందు అవసరం లేదు. పక్కన మనిషి ఉంటే చాలు. కానీ రెండు వారాలు దాటినా, రోజులో ఎక్కువ భాగం, దాదాపు ప్రతిరోజూ అలాగే ఉంటే, ఏ పని మీదా మనసు నిలవకపోతే, తాను ఎవరికీ పనికిరానన్న మాట పదేపదే వస్తుంటే, దాన్ని సహజం అని వదిలేయకూడదు. కాలు విరిగితే నొప్పి సహజమే, అయినా కట్టు కడతాం.

కనిపెట్టడానికి స్కానింగు అక్కరలేదు, రెండు ప్రశ్నలు చాలు. గత రెండు వారాలలో మీకు ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి, సంతోషం లేకుండా పోయాయా? దిగులుగా, నిరాశగా, ఇక ఏ ఆశా లేనట్టుగా అనిపిస్తున్నదా? అమెరికా హృద్రోగ సంఘం 2008లోనే గుండె జబ్బు ఉన్నవారిని ఈ రెండు ప్రశ్నలు అడగాలని, అవును అన్నవారిని మరికొన్ని ప్రశ్నలతో పరిశీలించాలని వైద్యులకు సూచించింది. అడగడానికి రెండు నిమిషాలు పడుతుంది. అయితే మన వైపు ఒక జాగ్రత్త అవసరం. ఈ ప్రశ్నలను వార్డు నిండా జనం ఉండగా, కొడుకూ కోడలూ పక్కన నిలబడి ఉండగా అడిగితే నిజమైన జవాబు రాదు. కర్టెను వేసి, కూర్చుని, నిదానంగా అడగాలి. ఆ తరువాత కుటుంబంలో ఒకరిని విడిగా "ఇంట్లో ఎట్టా ఉంటున్నారు?" అని అడగాలి. రెండు జవాబులూ కలవకపోతే నేను ఇంటివారి జవాబునే ఎక్కువ నమ్ముతాను.

ఇక చికిత్స. మానసిక మందులు గుండెకు చేటు అన్న భయం మనలో చాలా లోతుగా ఉంది, అది పూర్తిగా నిరాధారం కూడా కాదు. అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్ వంటి పాతకాలపు మందులు గుండె లయను చెదరగొట్టగలవు. గుండెపోటు వచ్చినవారికి వాటిని ఇవ్వడానికి వైద్యులు ఇష్టపడరు. అయితే సెర్ట్రలిన్ అనే మందును గుండెపోటు లేదా తీవ్రమైన గుండెనొప్పితో ఆసుపత్రిలో చేరి డిప్రెషన్‌లో ఉన్న 369 మంది మీద 24 వారాలపాటు పరీక్షించి, 2002లో ఫలితాలు ప్రకటించారు. గుండె పంపింగు శక్తి తగ్గలేదు, లయ చెడలేదు. మందు పనితనం అందరిలో ఒకేలా లేదు కానీ, ఎక్కువ తీవ్రంగా, మళ్లీ మళ్లీ డిప్రెషన్ వచ్చేవారిలో బాగా కనిపించింది. అప్పటినుండి గుండె రోగులకు ఇది వైద్యులు ఎక్కువగా ఎంచుకునే మందు అయింది. ఎస్సిటాలోప్రామ్ కూడా ఇస్తారు, దానికి ముందు ఇ.సి.జి. ఒకసారి చూసుకోవడం మంచిది.

ఈ మందుల గురించి కుటుంబాలు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఇవి తలనొప్పి మాత్రలా అరగంటలో పనిచేయవు. మార్పు కనిపించడానికి రెండు నుండి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, కాస్త గాబరా రావచ్చు. అప్పుడే "పడలేదు" అని ఆపేసేవారే ఎక్కువ. బాగయిన తరువాత కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు, ఆపేటప్పుడు మెల్లగా తగ్గించి ఆపాలి. ఇవి అలవాటుగా మారే మత్తుమందులు కావు. మరొకటి, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌తో కలిపినప్పుడు రక్తస్రావం అయ్యే అవకాశం కొంచెం పెరుగుతుంది. విరేచనం నల్లగా తారులా వస్తే, చిగుళ్ల నుండి రక్తం ఆగకపోతే వెంటనే చెప్పండి. ఎవరికి ఏ మందు, ఎంత మోతాదు అన్నది డాక్టరే నిర్ణయించాలి. ఈ పత్రిక చూపించి మందుల షాపులో కొనుక్కోవద్దు.

మందుల షాపు మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. నిద్ర పట్టడం లేదంటే ఆల్ప్రజోలం బిళ్లలు చీటీ లేకుండానే తెచ్చుకుని నెలల తరబడి మింగేవారు మన ఊళ్లలో ఎంతమందో! నిజానికి అలవాటుగా మారేవి ఆ బిళ్లలే. డిప్రెషన్‌ను అవి తగ్గించవు, ముసుగు వేస్తాయి, అంతే. అలవాటు లేని డిప్రెషన్ మందుకు భయపడి, అలవాటు పడే నిద్రమాత్రను ధైర్యంగా మింగడం నాకు ఎప్పటికీ వింతగానే ఉంటుంది.

మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి బీటా బ్లాకర్ మాత్రల వల్లే దిగులు వస్తుందని వైద్యులు కూడా చాలాకాలం అనుకున్నారు. 35,000 మందికి పైగా రోగులు పాల్గొన్న 15 పరిశోధనలను కలిపి 2002లో లెక్క చూస్తే డిప్రెషన్ పెరుగుదల చెప్పుకోదగినంతగా కనిపించలేదు, అలసట మాత్రం కొద్దిగా పెరిగింది. కాబట్టి "ఈ మాత్ర వల్లే నాకు మనసు బాగోలేదు" అని మీ అంతట మీరు ఆపవద్దు. హఠాత్తుగా ఆపితే గుండెకు ప్రమాదం.

డిప్రెషన్‌కు చికిత్స చేస్తే ఆయుష్షు పెరుగుతుందా? ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. అమెరికాలో గుండెపోటు వచ్చిన 2,481 మందితో ఒక పెద్ద పరిశోధన చేశారు, 2003లో ఫలితాలు వచ్చాయి. సగం మందికి ఆరు నెలలు ప్రత్యేకంగా మాటల ద్వారా చికిత్స ఇచ్చారు, అవసరమైనవారికి మందు కూడా ఇచ్చారు. వారి దిగులు తగ్గింది. కానీ మరణాలు, మళ్లీ వచ్చిన గుండెపోట్లు రెండు వర్గాలలోనూ ఒకేలా ఉన్నాయి. చాలామంది నిరాశపడ్డారు. తరువాత దక్షిణ కొరియాలో 300 మంది గుండె రోగులకు 24 వారాలు ఎస్సిటాలోప్రామ్ గాని, ఉత్తుత్తి మాత్ర గాని ఇచ్చి సుమారు ఎనిమిదేళ్లు గమనించారు. 2018లో ప్రచురించిన ఆ లెక్కలో మందు వాడినవారిలో 100కు 41 మందికి, వాడనివారిలో 100కు 54 మందికి మళ్లీ పెద్ద గుండె సమస్యలు గాని మరణం గాని సంభవించాయి. అది ఒకే ఆసుపత్రిలో జరిగిన పరిశోధన. ఆశ కలిగిస్తుంది, అంతటితో వాదన ముగిసిందని చెప్పలేం.

అయినా నా అభిప్రాయం మారదు. మోకాలి నొప్పికి మందు ఇచ్చేటప్పుడు దీనివల్ల ఎన్నేళ్లు ఎక్కువ బ్రతుకుతాడు అని మనం అడగం. నొప్పి తగ్గుతుందా అని అడుగుతాం. మనిషి మళ్లీ నిద్రపోవడం, అన్నం రుచి తెలియడం, మనవడిని ఎత్తుకోవడం, ఇవి చికిత్సకు చాలినంత కారణాలు. ఆయుష్షు కూడా కలిసివస్తే అది అదనపు లాభం.

మందు అందరికీ అవసరం కాదు. తేలికపాటి, మధ్యస్థమైన కుంగుబాటుకు మాటల చికిత్స బాగా పనిచేస్తుంది, దానికి పెద్ద చదువు చదివినవారే కావాలని కూడా లేదు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన 495 మందితో చేసిన పరిశోధనను 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ఆ ప్రాంతం వారికే శిక్షణ ఇచ్చి, ఆరు నుండి ఎనిమిది సార్లు రోగితో కూర్చోబెట్టారు. మూడు నెలలకు ఆ వర్గంలో 100కు 64 మంది కోలుకున్నారు, మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 39 మందే. వారు చేసిన పని వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. మనసు బాగయ్యాక పని చేద్దామని ఎదురుచూడకుండా, ముందు చిన్న పని మొదలుపెట్టించడం. ఈ రోజు వీధి చివర వరకు నడక, రేపు గేదెకు నీళ్లు పెట్టడం, ఎల్లుండి పాత స్నేహితుడితో టీ కొట్టు దగ్గర పావుగంట. పని ముందు కదిలితే మనసు వెనకాల వస్తుంది.

నడక గురించి మన ప్రాంతానికి ఒక హెచ్చరిక. రెంటచింతల ఎండ రాష్ట్రమంతా పేరుపొందినదే. మార్చి నుండి జూన్ వరకు ఉదయం ఏడు లోపల నడక ముగించండి, ఛాతీలో బిగువు వస్తే ఆగిపోండి. భారతదేశంలో 24 ఆసుపత్రులలో గుండెపోటు వచ్చిన సుమారు 4,000 మందికి యోగాతో కూడిన పునరావాసం నేర్పి చూశారు, 2020లో ఫలితాలు వచ్చాయి. మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు గానీ, ఆరోగ్యం బాగుందన్న భావన పెరిగింది, మునుపటి పనులలోకి తిరిగి వెళ్లడం మెరుగుపడింది. మన సంఘస్థులలో కొందరికి యోగా అంటే మనస్సాక్షి అభ్యంతరం ఉంటుంది. వారు నెమ్మదిగా శ్వాస తీసుకోవడం, ఒళ్లు సాగదీయడం, నడక చేయవచ్చు. దానికోసం వాదన పెట్టుకుని అసలు కదలకుండా కూర్చోవద్దు.

అడగడానికి మొహమాటపడే విషయం మరొకటి ఉంది, దాంపత్య జీవితం. ఇక అది లేదేమో, చేస్తే ప్రాణం పోతుందేమో అన్న భయం భార్యాభర్తలిద్దరినీ లోలోపల తినేస్తుంది. ఆగకుండా రెండు అంతస్తుల మెట్లు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగితే సాధారణంగా భయం అక్కరలేదు. డాక్టరును అడగండి, సిగ్గుపడవలసింది ఏమీ లేదు. నైట్రేట్ మాత్రలు, అనగా నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వంటివి వాడేవారు లైంగిక సామర్థ్యానికి అమ్మే మాత్రలు ఎట్టి పరిస్థితులలోనూ వేసుకోకూడదు.

దిగులంతా మెదడులోనే పుడుతుందని నేను చెప్పడం లేదు. కౌలుకు తీసుకున్న ఐదెకరాల మిర్చి, కోల్డ్ స్టోరేజీలో ధర కోసం ఎదురుచూస్తున్న బస్తాలు, పెళ్లికి ఎదిగిన కూతురు, పైగా బరువు ఎత్తవద్దని డాక్టరు మాట. ఇవన్నీ ఉన్న మనిషికి మాత్ర ఒక్కటే ఇస్తే సగం పనే. ఇంటి పెద్దకు గుండెపోటు రాగానే కొడుకులు అప్పుల లెక్క ఆయనకు తెలియకుండా దాచేస్తారు, మంచికే. కానీ దాచినకొద్దీ ఆయన ఊహించుకునేది అసలు కంటే పెద్దదవుతుంది. కొద్దిగా కోలుకున్నాక, ఒక సాయంత్రం కూర్చోబెట్టి లెక్క చెప్పి, ఆయన సలహా అడగండి. ఇంట్లో తన మాటకు ఇంకా విలువ ఉందని తెలియడం కూడా వైద్యమే.

"మానసిక వైద్యులు మనకు ఎక్కడ దొరుకుతారు?" అన్నది న్యాయమైన ప్రశ్న. మాచర్ల నుండి గుంటూరుకు వంద కిలోమీటర్లకు పైనే. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో డిప్రెషన్ ఉన్న 100 మందిలో సుమారు 85 మందికి చికిత్స అందడం లేదు. అయితే ప్రతి రోగినీ మానసిక వైద్యుడే చూడాలన్న నియమం లేదు. మన విశాఖపట్నంతో పాటు చెన్నై, బెంగుళూరు, ఢిల్లీలలో షుగరుతో పాటు డిప్రెషన్ ఉన్న 404 మందితో చేసిన పరిశోధన 2020లో వెలువడింది. అక్కడ డాక్టరు కాని ఒక కోఆర్డినేటరు రోగిని క్రమంగా పలకరించి, లెక్క రాసుకుని, మానసిక వైద్యుడితో కలిసి ఆ కాగితాలు చూసి, అసలు డాక్టరుకు ఏ మందు మార్చాలో సూచన అందించేవారు. రెండేళ్లకు దిగులూ తగ్గి, షుగరు, బి.పి., కొలెస్ట్రాల్‌లలో ఒకటైనా మెరుగుపడినవారు 100కు 72 మంది, మామూలు వైద్యంలో 57 మంది. పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాలలో ఆశా కార్యకర్తలే చేతిలో ట్యాబ్ పట్టుకుని ఇంటింటా ఈ ప్రశ్నలు అడిగి, అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపిన పథకం కూడా నడిచింది. ఇవి ఎక్కడో జరిగినవి కావు, మన తెలుగు ఊళ్లలో జరిగినవి.

మన మిషను ఆసుపత్రులకు నర్సులే బలం. 1883లో గుంటూరు వచ్చి వైద్యసేవ మొదలుపెట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్ కాలం నుండి ఇళ్లలోకి వెళ్లి పలకరించడం ఈ సేవలో ఒక భాగం. గుండె రోగి రివ్యూకు వచ్చిన రోజున బి.పి. చూసే సిస్టరే ఆ రెండు ప్రశ్నలు అడిగి చీటీ మీద రాయగలదు. అవును అన్నవారి పేర్లకు ఒక రిజిస్టరు పెట్టి, రెండు వారాలకు ఒకసారి ఫోను చేయవచ్చు. నెలకు ఒకరోజు ఒక మానసిక వైద్యుడు ఫోనులోనైనా ఆ రిజిస్టరు మీద సలహా ఇస్తే చాలు. దీనికి కొత్త భవనం అక్కరలేదు. మనకు సమయం లేదని అనేవారు ఉంటారు. అదే రోగి గాబరాతో నెలకు నాలుగుసార్లు అర్ధరాత్రి వస్తే మాత్రం మనకు సమయం దొరుకుతూనే ఉంది కదా.

ఇక సంఘానికి ఒక మాట, కొంచెం సూటిగా. డిప్రెషన్‌లో ఉన్న సహోదరుడితో "మీకు విశ్వాసం చాలడం లేదు" అనకండి. ఏలీయా అంతటి ప్రవక్త అరణ్యంలో చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నాడని మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో చదువుతాం. దేవుడు ఆయనను మందలించలేదు. నిద్రపోనిచ్చాడు, దూతను పంపి రొట్టె, నీళ్లు ఇప్పించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. మాట తరువాత వచ్చింది. ప్రార్థన చేయండి, తప్పక చేయండి, దానితోపాటు మాత్ర వేసుకున్నారా అని కూడా అడగండి. స్వస్థత పొందానని చెప్పి బిళ్లలు ఆపించే సలహా ఎవరూ ఇవ్వవద్దని అయ్యగార్లకు నా మనవి.

పరామర్శకు వెళ్లేవారికి కూడా చెప్పాలి. పదిమంది ఒకేసారి మంచం చుట్టూ కూర్చుని, "మా బావమరిదికి కూడా ఇట్టాగే వచ్చింది, ఆర్నెల్లలో రెండోసారి వచ్చి పోయాడు" అని కథలు చెప్పే అలవాటు మనకు ఉంది. అది పరామర్శ కాదు, భయపెట్టడం. ఇద్దరు చొప్పున వెళ్లండి, పావుగంట ఉండండి, మాట్లాడటానికి ఏమీ లేకపోతే ఊరకే కూర్చోండి. వీలైతే ఆయనను లేపి నడకకు తీసుకువెళ్లండి. స్త్రీల సమాజం వారు ఆ ఇంటి ఇల్లాలిని కూడా ఒకసారి పలకరిస్తే మంచిది, ఆమె నిద్రపోయి ఎన్నాళ్లయిందో ఎవరూ అడిగి ఉండరు.

అన్నిటికన్నా ముఖ్యమైనది. "నేను పోతేనే మీకు నయం", "ఇక చాలు" అన్న మాటలు వస్తే విననట్టు ఊరుకోవద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, చెప్పుకునే దారి దొరుకుతుంది. ఆయనను ఒంటరిగా వదలకండి. మిరప, పత్తి పండించే మన ఇళ్లలో పురుగుమందు డబ్బాలు మంచం కిందో, వసారాలోనో ఉంటాయి. వాటిని ఆ రోజే ఇంటి నుండి తీసి, వేరే చోట తాళం వేసి, తాళంచెవి మరొకరి దగ్గర ఉంచండి. గుండె మాత్రలు, నిద్ర మాత్రలు కూడా ఇంట్లో ఒకరే తమ దగ్గర పెట్టుకుని ఏ పూటకు ఆ పూట ఇవ్వండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి, పోలీసు కేసు అవుతుందేమో అని భయపడి ఆగవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటి ప్రయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా భావించి, శిక్షకు బదులు వైద్యం, సంరక్షణ అందించాలని చెబుతుంది. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ ఫోను నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరును మీ ఇంటి గోడ మీద క్యాలెండరు పక్కన రాసి పెట్టుకోండి.

తరువాతి రివ్యూకు వచ్చేటప్పుడు మాత్రల సంచితోపాటు ఒక చిన్న కాగితం కూడా తెచ్చుకోండి. గత రెండు వారాలలో ఎన్ని రాత్రులు నిద్ర పట్టలేదో, ఎన్ని పూటలు అన్నం మానేశారో, ఎన్ని రోజులు ఇంటి గుమ్మం దాటలేదో అందులో రాయండి. రాయడం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లలతో రాయించండి. డాక్టరు అడగకపోయినా ఆ కాగితం ఆయన బల్ల మీద పెట్టండి.